చలానా డబ్బు ఎక్కడికి పోతుంది?

మన ఏజెన్సీలో జరిమానా అనే మాట కొత్తది కాదు. పోలీసుల కన్నా ముందే ఫారెస్టోళ్ల నోట విన్నాం. కట్టెల మోపుకు, మేకల మందకు, పోడుకు జరిమానా కట్టిన పెద్దవాళ్లు ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఇప్పుడు ఊరూరా మోటారు సైకిళ్లు వచ్చాయి. వాటి వెనకే చలానాలు వచ్చాయి.

సంత రోజున రోడ్డు పక్కన పోలీసులు బండ్లు ఆపుతుంటే ఇలాంటి మాటలు వినపడతాయి.

"ఏంది మామా, ఇయ్యాల ఇక్కడ నిలబడ్డరు?"

"నెలాఖరు గదా అల్లుడూ. సర్కారుకు పైసలు కావాలె."

ఈ మాట నిజమేనా? డబ్బు పోయే దారి వెంట మనమూ పోయి చూద్దాం.

చలానా డబ్బు పోలీసు జేబులోకి పోకూడదు. రాష్ట్ర ప్రభుత్వ ఖజానాకు జమ కావాలి. పోలీసుల జీతాలు బడ్జెటు నుంచి వస్తాయి. రసీదు లేకుండా చేతిలో పెట్టిన యాభయ్యో, వందో మాత్రం ఖజానాకు చేరదు. దాన్ని జరిమానా అనరు, లంచం అంటారు. లంచం అడిగితే ఏసీబీ వారి 1064 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఆ ఫోనుకు డబ్బులు పడవు.

మరి ఖజానాకు ఎంత చేరుతుంది? తెలంగాణలో కట్టని చలానాలు కోట్ల సంఖ్యలో పేరుకుపోయాయి. 2022 మార్చిలో ప్రభుత్వం తగ్గింపు ఇచ్చింది. మోటారు సైకిలు, ఆటో ఉన్నవాళ్లు నూటికి 25 రూపాయలు కడితే చాలు, మిగతా 75 మాఫీ అన్నారు. జనం మీసేవల ముందు వరుస కట్టారు. సుమారు 300 కోట్ల రూపాయలు వసూలయ్యాయి.

300 కోట్లు అంటే మనకు చాలా పెద్ద మాట. కాని 2022-23లో తెలంగాణ బడ్జెటు 2,56,958 కోట్లు. దానితో పోలిస్తే వెయ్యి రూపాయల్లో రూపాయి చిల్లర. కాబట్టి సర్కారు చలానాల మీదనే బతుకుతోంది అనడం సరికాదు. కాని ఆటో నడిపే అన్నకు ఒక్క చలానా అంటే ఆ రోజు కూలి. ఆ రోజు ఇంటికి బియ్యం.

2023 డిసెంబరులో మళ్లీ తగ్గింపు ఇచ్చారు. ఈసారి మోటారు సైకిళ్లకు, ఆటోలకు నూటికి 80 మాఫీ. తోపుడు బండ్లకు నూటికి 90. గడువు కూడా పొడిగిస్తూ పోయారు. పేదవాడికి ఇది మేలే. అయినా ఒక మాట అడగాలి. తప్పు చేసినందుకు వేసిన జరిమానాను పండుగ బట్టల అంగడిలాగా తగ్గించి అమ్మితే, అది శిక్ష అవుతుందా, బాకీ వసూలు అవుతుందా? వెంటనే కట్టినవాడు మొత్తం కట్టాడు. కట్టకుండా ఆగినవాడు పావలా వంతు కట్టాడు. మాట విన్నవాడికే నష్టం వచ్చింది.

నిజంగానే జరిమానాల మీద బతికిన ఊరు ఎక్కడైనా ఉందా అంటే, ఉంది. అమెరికాలో ఫెర్గుసన్ అనే చిన్న పట్నం. 2014 ఆగస్టులో అక్కడ ఒక పోలీసు మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల నల్లజాతి కుర్రాణ్ణి కాల్చి చంపాడు. జనం తిరగబడ్డారు. అక్కడి కేంద్ర ప్రభుత్వ న్యాయశాఖ విచారణ చేసి 2015 మార్చిలో నివేదిక ఇచ్చింది. ఆ పట్నం ముఖ్య ఆదాయంలో నూటికి 23 రూపాయలు జరిమానాలు, కోర్టు రుసుముల నుంచే రావాలని ఆ ఏటి బడ్జెటులో రాసుకున్నారు. టికెట్లు ఇంకా ఎక్కువ రాయించాలని పట్నం లెక్కల అధికారి పోలీసు అధికారికి ఉత్తరం కూడా రాశాడు. జనాభాలో నల్లవాళ్లు నూటికి 67 మంది. టికెట్లు పడింది నూటికి 90 వాళ్లకే. అక్కడ టికెట్టు డబ్బు ఆ పట్నం పెట్టెలోకే పోతుంది. ఆ పెట్టెలోంచే పోలీసుకు జీతం వస్తుంది. మన దగ్గర ఆ ముడి లేదు. ఇది పెద్ద తేడా.

ఇక మన సరిహద్దు సంగతి చూడండి. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది. 2014లో చుట్టుపక్కల పల్లెలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కొద్ది కిలోమీటర్లు పోతే ఎటపాక, అంటే ఆంధ్ర. అదే రోడ్డు చింతూరు దాటి కుంట చేరితే ఛత్తీస్‌గఢ్. హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు అని 2019లో కేంద్రం చట్టం చేసింది. పెంచిన జరిమానాలు అమలు చేయబోమని అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ఆ ఏడాదే అసెంబ్లీలో చెప్పారు. ఆంధ్రప్రదేశ్ 2020 అక్టోబరులో జరిమానాలు పెంచింది. అట్లా ఒకే రోడ్డు మీద రెండు రేట్లు వచ్చాయి. పగిలే తల మాత్రం ఒకటే.

తల సంగతి వచ్చింది గనుక ఇది కూడా చదవండి. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సుమారు 50 వేల మందికి హెల్మెట్ లేదు. అందుకే చలానా అసలే వద్దు అనలేం. ప్రాణాలు నిలబడ్డాయా అని లెక్క చూస్తే అది చట్టం పని. ఎంత వసూలైంది అని మాత్రమే చూస్తే జనం అనుమానపడటంలో తప్పు లేదు.

చదువు నేర్చుకున్నాం గదా, చలానా మనమే చదువుకోవాలి. బండి నంబరు మనదేనా? తేదీ, చోటు సరిగా ఉన్నాయా? ఏ తప్పు రాశారు? ఫొటోలో ఉన్నది మన బండేనా? నంబరు తప్పు చదివి ఒకరి చలానా ఇంకొకరికి పంపడం జరగవచ్చు. జరిమానా కింద 35 రూపాయల యూజర్ చార్జి అని వేరే గడి ఉంటుంది. దాన్నీ చూడండి. కెమెరా యంత్రం పట్టిన తప్పు అయితే 15 రోజుల్లోపు మనకు తెలియజేయాలని 2021లో కేంద్రం నిబంధన పెట్టింది. తప్పు చేయలేదనుకుంటే "నేను కోర్టులో చెప్పుకుంటాను సార్" అనవచ్చు. చలానా కోర్టు తీర్పు కాదు.

లెక్క చేయండి, రాయండి

1. ఒక అన్న బండి మీద మూడు చలానాలు ఉన్నాయి. 200, 100, 300 రూపాయలు. నూటికి 80 మాఫీ అయితే ఎంత కట్టాలి?

2. మీ ఊరి దగ్గర ప్రమాదాలు ఎక్కువగా జరిగే మలుపు ఏది? పోలీసులు బండ్లు ఆపే చోటు ఏది? రెండూ పక్కపక్కన రాయండి. మీ కేంద్రంలో అందరికీ చదివి వినిపించండి.