తొలి బడి

శిశువు జీవితంలో తొలి ఆరు సంవత్సరాలు విద్యకు పునాది వంటివి. ఈ సత్యాన్ని గుర్తించి భారత ప్రభుత్వం 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని ప్రారంభించింది. ఆ పథకం కింద వెలసిన అంగన్‌వాడీ కేంద్రాలలో చిన్నారులకు పౌష్టికాహారంతోపాటు ఆటపాటల ద్వారా పూర్వ ప్రాథమిక విద్య లభిస్తున్నది.

2020 నాటి జాతీయ విద్యావిధానం మూడేళ్ల వయస్సు నుండే విద్య ఆరంభం కావాలని సూచించింది. ఇంటర్మీడియట్, ఆపై అర్హత గల కార్యకర్తలకు ఆరు నెలల శిక్షణను, తక్కినవారికి ఏడాది శిక్షణను ప్రతిపాదించింది.

అయితే పిల్లలకు పాఠం చెప్పడం, బరువులు తూచడం, గర్భిణులకు సలహాలివ్వడం, రికార్డులు రాయడం వంటి బాధ్యతలన్నీ నిర్వహించే కార్యకర్తకు దక్కేది గౌరవ వేతనం మాత్రమే. వీరికి గ్రాట్యుటీ పొందే హక్కు ఉన్నదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. శిక్షణతోపాటు ఇటువంటి ఉద్యోగ భద్రత కూడా సమకూరినప్పుడే తొలి బడి విస్తరణ సార్థకమవుతుంది.