వాషర్ నలిగింది, ఇక ఆపు

మూడేళ్ల కిందట సర్వీసింగ్ నుంచి కారు ఇంటికి తెచ్చుకున్న సాయంత్రం ఎందుకో అనుమానం వచ్చి బానెట్ ఎత్తాను. ఎయిర్ ఫిల్టర్ పెట్టె క్లిప్పులు తీసి చూస్తే, అంతకు ముందు ఏడాది నేను ఫిల్టర్ అంచు మీద మార్కర్‌తో వేసుకున్న తేదీ అలాగే ఉంది. జేబులోని బిల్లులో మాత్రం కొత్త ఫిల్టర్ ధర పడింది. వెళ్లి అడిగితే ‘పొరపాటైంది సార్’ అని మార్చి ఇచ్చారు. నిజంగా పొరపాటే కావచ్చు. కానీ అది ఎయిర్ ఫిల్టర్ కాబట్టి చూడగలిగాను. ఇంజిన్ అడుగున చాంబర్‌లో పోసిన ఆయిల్ సంగతేమిటి? చక్రం వెనక దాగిన బ్రేకు ప్యాడ్ల సంగతేమిటి?

మా పక్క వాటాలో ఉండే బాబాయ్ విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీల కింద పడుకుని పని చేసిన మనిషి. నా గోడు విని, “ఇంత చదువుకున్నావు, మూడు లీటర్ల ఆయిలు మార్చుకోలేవా?” అన్నాడు. ఆ ఆదివారం మొదలైన చదువు ఇది.

నా బండి 1.2 లీటర్ల పెట్రోల్ చిన్నకారు. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ములు. మన రోడ్ల మీద తిరిగే చిన్నకార్లలో చాలావాటి అమరిక ఇదే. పానా నంబర్లు, ఆయిల్ కొలతలు మాత్రం బండి బండికీ మారతాయి. అందుకే పని మొదలెట్టే ముందు డాష్‌బోర్డు అరలో మగ్గుతున్న ఓనర్స్ మాన్యువల్ దుమ్ము దులపండి. వారంటీ తీరని బండి అయితే ఇంకొంత కాలం కంపెనీ సర్వీసుకే పంపి, బిల్లులు దాచుకోవడం మేలు.

సరంజామా

రింగు పానాల సెట్టు, వీల్ నట్లకు టార్క్ రెంచి, ఫిల్టర్ విప్పే పట్టీ, గరాటు, నాలుగైదు లీటర్లు పట్టే వెడల్పాటి తొట్టి, నైట్రైల్ గ్లవ్స్, బనియన్ వేస్టు, టార్చిలైటు. వీటన్నిటికంటే ముందు కొనాల్సినవి రెండు జాకీ స్టాండ్లు.

బండితో వచ్చే జాకీ టైరు మార్చడానికే. దాని మీద లేపి ఉన్న కారు కిందికి తల కాదు కదా, చెయ్యి కూడా పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు ఆసరా పెడదామనుకునేవారు ఉంటారు. అవి పగిలే ముందు చెప్పవు. చదునైన గట్టి నేల మీద బండి నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మొదటి గేరులో పెట్టి, వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాలి. జాకీతో లేపి, మాన్యువల్‌లో చూపించిన చోట్ల స్టాండ్లు నిలపాలి. కిందికి దూరే ముందు బండిని భుజంతో గట్టిగా ఒకసారి ఊపి చూడాలి. పడేదైతే మనం బయట ఉన్నప్పుడే పడాలి.

ఆయిల్ దించడం

ముందుగా ఇంజిన్‌ను మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపేయండి. పది నిమిషాలు ఆగండి. గోరువెచ్చటి ఆయిల్ పలచగా జారుతూ అడుగున చేరిన మడ్డిని కూడా వెంట తీసుకుపోతుంది. కాగుతున్న ఆయిల్ అయితే చేతులు కాలతాయి. పైన ఆయిల్ పోసే మూత వదులు చేసి ఉంచితే గాలి ఆడి ధార సాఫీగా వస్తుంది.

ఇప్పుడు చాంబర్ అడుగున ఉండే డ్రెయిన్ బోల్టు వెతకాలి. కొత్తవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. పక్కనే గేర్‌బాక్స్‌కు కూడా ఇలాంటి బోల్టే ఉంటుంది. అది విప్పితే గేర్ ఆయిల్ పోతుంది, ఇంజిన్‌లో పాతది అలాగే ఉంటుంది, దాని మీద మనం కొత్తది పోస్తాం. రెండింటికీ చేటే. టార్చి వేసి, ఆయిల్ ఫిల్టర్ ఉన్న భాగం ఇంజిన్ అని గుర్తుపెట్టుకుని, ఆ చాంబర్ బోల్టుకే పానా తగిలించండి. నా బండికి 17 నంబరు పడుతుంది.

పానాతో వదులు చేశాక చివరి చుట్లు వేళ్లతో తిప్పాలి. బోల్టును పైకి నొక్కి పట్టుకునే తిప్పుతూ, మర పూర్తిగా విడిందని తెలియగానే చటుక్కున పక్కకు లాగేయాలి. ధార మొదట నిలువుగా కాకుండా ముందుకు దూకుతుంది కాబట్టి తొట్టిని ఒక జానెడు ఆ వైపుకి జరిపి పెట్టండి. ధార చుక్కల్లోకి దిగడానికి పావుగంట పడుతుంది.

నల్లగా కారుతున్న ఆయిల్ చూసి బెంబేలు పడక్కర్లేదు. ఇంజిన్‌లోని మసిని తనలో కలుపుకుని మొయ్యడం ఆయిల్ పనుల్లో ఒకటి. తొట్టిలో వేలితో రాసి చూడండి. పాల టీ రంగు నురగ కనిపిస్తే నీళ్లు కలుస్తున్నాయని, మెరిసే లోహపు రేకులు తగిలితే లోపల ఏదో అరుగుతోందని అర్థం. అప్పుడు మెకానిక్‌ని పిలవాలి.

చెయ్యి ఎక్కడ ఆపాలి

బోల్టు తిరిగి బిగించే ముందు కొత్త వాషర్ వేయండి. ఈ వాషర్ మెత్తటి లోహంతో చేసింది. బోల్టు తలకీ చాంబర్‌కీ మధ్య నలిగి, సందులు మూసి, ఆయిల్ కారకుండా ఆపుతుంది. ఒకసారి నలిగినది రెండోసారి సరిగ్గా నలగదు.

మొదటిసారి నేను ఇక్కడే చెడగొట్టాను. కారుతుందేమోనన్న భయంతో పానాకి ఇనప గొట్టం తగిలించి మరీ బిగించాను. గట్టిగా, ఇంకా గట్టిగా... ఉన్నట్టుండి పానా తేలికైపోయింది. బోల్టు ఉక్కుది, చాంబర్ అల్యూమినియంది. మెత్తటిదే ఓడిపోతుంది. మర పోయింది. మళ్లీ మర కట్టించుకోవడానికి అయిన ఖర్చు సర్వీసింగ్‌లో మిగిల్చిన డబ్బు కంటే ఎక్కువ.

బాబాయ్ తిట్టలేదు. కొత్త బోల్టు నా చేతికిచ్చి, పక్కన కూర్చుని, “వేళ్లతో ఆఖరి దాకా తిప్పు. ఇప్పుడు పానా పెట్టు. మెల్లగా నాయనా. చేతికి మెత్తగా ఏదో ఒదుగుతున్నట్టు ఉందా? అదే వాషర్ నలగడం. ఆ మెత్తదనం పోయి గట్టిపడింది చూడు, అక్కడ. నలిగింది, ఇక ఆపు” అన్నాడు. మొత్తం కదిలింది పావు చుట్టుకి కాస్త అటూ ఇటూ. ఆ పావు చుట్టులో నేర్చుకున్నది ఏ వీడియోలోనూ నాకు దొరకలేదు. బిగించడం బలానికి సంబంధించిన పని అనుకునేవాణ్ని. అది వినికిడికి దగ్గరి పని.

ఫిల్టర్‌దీ అదే సూత్రం. పాతది పట్టీతో విప్పి, దాని రబ్బరు రింగు దాంతోపాటే వచ్చిందో లేదో చూడండి. అది ఇంజిన్‌కే అంటుకుపోయి, దాని మీద కొత్త రింగు కూర్చుంటే, స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేలపాలవుతుంది. కొత్త ఫిల్టర్ రింగుకి వేలితో కాస్త కొత్త ఆయిల్ రాసి, చేత్తోనే తిప్పండి. రింగు ఆనిన చోటు నుంచి ముప్పావు చుట్టు చాలు. పట్టీ విప్పడానికే, బిగించడానికి కాదు.

పోయడం, కొలవడం

డబ్బా మీద ఉండే 5డబ్ల్యూ-30 లాంటి గుర్తులో డబ్ల్యూ అంటే చలికాలం. ముందున్న అంకె చల్లటి ఇంజిన్‌లో ఆయిల్ ఎంత చురుగ్గా పారుతుందో చెబుతుంది. వెనకున్న అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం నిలుపుకుంటుందో చెబుతుంది. మన ఎండలకి చిక్కటిదే మంచిదని దుకాణంలో చెబితే వినకండి. ఇంజిన్ లోపలి సందులు ఫలానా చిక్కదనానికే కొలిచి చేసినవి. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే కొనండి.

నా ఇంజిన్‌కి ఫిల్టర్‌తో కలిపి పట్టేది మూడు లీటర్ల చిల్లర. గరాటు పెట్టి, చెప్పిన కొలతకి పావు లీటరు తక్కువే పోసి ఆపండి. మూత పెట్టి స్టార్ట్ చేస్తే ఎర్రటి ఆయిల్ దీపం కొన్ని క్షణాల్లో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఒక నిమిషం నడిపి, ఆపి, బోల్టు దగ్గరా ఫిల్టర్ దగ్గరా తడి ఉందేమో చూడండి. బండి దించి, అయిదు నిమిషాలు ఆగి, డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడండి. రెండు గుర్తుల మధ్య, పై గుర్తుకి దగ్గరగా ఉండాలి. తక్కువైతే కాస్త కాస్త పోసుకోవచ్చు. ఎక్కువైతే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని మజ్జిగలా చిలికి నురగ చేస్తుంది. నురగ లోహాన్ని కాపాడలేదు.

బ్రేకు పాడే పాట

‘కందెన వేయని బండికి కావలసినంత సంగీతం’ అని సామెత. ఎద్దుబండి ఇరుసుకి ఆముదంలో మసి కలిపి రాసుకున్న రోజుల నాటిది. కారులో ఆ సంగీతాన్ని ఒకచోట కావాలనే పెట్టారు. చాలా బ్రేకు ప్యాడ్లకి చిన్న ఉక్కు రేకు ఉంటుంది. ప్యాడ్ అరిగి పలచబడ్డాక ఆ రేకు డిస్క్‌కి తగిలి కీచుమంటుంది. ఈ పాట ఆపడానికి కందెన రాయాలనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ప్యాడ్ ముఖానికి గానీ డిస్క్‌కి గానీ చుక్క నూనె కూడా తగలకూడదు.

ముందు చక్రం నట్లు, బండి నేల మీద ఉండగానే సగం చుట్టు వదులు చేసి, తర్వాత లేపి, స్టాండ్ పెట్టి, చక్రం తీయండి. ప్యాడ్ మందం కొత్తలో ఇంచుమించు 10 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే మార్చాల్సిందే. బయటి ప్యాడ్ చూసి సంతోషించకండి, చాలాసార్లు లోపలిదే ముందు అరుగుతుంది. డిస్క్ కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది.

రెండు వైపులా ప్యాడ్లు మార్చాలి గానీ ఒకసారి ఒక వైపే విప్పండి. ఎక్కడ ఏ క్లిప్పు ఉండేదో మర్చిపోతే రెండో చక్రం చూసుకోవచ్చు. ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే కాలిపర్‌కి కింద ఉన్న బోల్టు తీసి, కాలిపర్‌ను పైకి తిప్పితే ప్యాడ్లు చేతికొస్తాయి. కాలిపర్ మొత్తం విప్పాల్సి వస్తే బ్రేకు గొట్టానికి వేలాడనివ్వకుండా తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. లోపలి దుమ్మును నోటితో ఊదకండి, పీల్చేది మనమే. బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవండి.

కొత్త ప్యాడ్ మందంగా ఉంటుంది కాబట్టి కాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నెట్టాలి. దాని ముందు పాత ప్యాడ్ అడ్డం పెట్టి, సీ-క్లాంప్‌తో నిదానంగా నొక్కండి. అప్పుడు బానెట్ కింద బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం పైకి వస్తుంది. పొంగితే పెయింట్ ఊడగొడుతుంది, వెంటనే నీళ్లతో కడగాలి. జారే పిన్నులకి వాటికోసమే వచ్చే సిలికాన్ గ్రీజు పలచగా రాసి, ప్యాడ్లు కూర్చోబెట్టి, బోల్టు బిగించండి. వీల్ నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెం పట్టించి, బండి దించాక టార్క్ రెంచితో పూర్తి చేయండి.

చివరి మెట్టు మర్చిపోతే ముందు చేసినదంతా వృథా. బండి కదిలించే ముందు బ్రేకు పెడల్‌ను పదిసార్లు నొక్కండి. వెనక్కి నెట్టిన పిస్టన్ ప్యాడ్‌ను చేరేదాకా పెడల్ నేలకి దిగిపోతుంది. ఆ సంగతి గేటు దాటాక తెలిస్తే ఎదురుగా గోడో మనిషో ఉంటారు. పెడల్ గట్టిపడ్డాక మన సందులోనే నడక వేగంతో రెండు మూడు సార్లు ఆపి చూడండి. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి ఒదిగేదాకా, మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, సడన్ బ్రేకుల జోలికి పోకండి.

మన చెయ్యి పెట్టకూడనివి

బ్రేకు ఆయిల్ గాలిలోని తడిని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తడి పీల్చాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా దిగిపోవచ్చు. తిరుమల కొండ దిగేటప్పుడు తగ్గు గేరులో రాకుండా బ్రేకు మీదే కాలుంచి వస్తే, ఆ వేడికి పాత ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. పెడల్ స్పాంజిలా కుంగుతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి. ఏబీఎస్ ఉన్న బండిలో లోపలి గాలి తీయడానికి యంత్రం అవసరం కావచ్చు. ఆ పని, వెనక డ్రమ్ముల పని, గొట్టాల పని నేను మెకానిక్‌కే వదిలేస్తాను. పక్కన నిలబడి చూస్తాను, అంతే.

ఇంజిన్‌లోంచి దించిన పాత ఆయిల్‌ను డబ్బాలో పోసి ఆటోనగర్‌లో పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇస్తాను. సెంట్రింగ్ పలకలకి రాస్తామని అడిగేవాళ్లున్నారు, ఇవ్వను. వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. మా వీధి మురుగుకాలువలో పోస్తే చివరికి ఏ పంట కాలువలో తేలుతుందో ఊహించడం కష్టం కాదు.

పోయిన నెలలో మళ్లీ ఆయిల్ మార్చాను. కింద పడుకుని బోల్టు బిగిస్తుంటే, బాబాయ్ తన వరండాలోంచి కేకేశాడు, “నలిగిందా?” “నలిగింది బాబాయ్.” పానా తీసి పక్కన పెట్టాను. విప్పిన ఫిల్టర్ మీద నిరుటి తేదీ మసిబారి ఉంది. కొత్త దాని మీద మార్కర్‌తో ఈ ఏటి తేదీ, కిలోమీటర్లు రాశాను. ఈసారి బిల్లుతో పోల్చి చూసుకునే పని లేదు.