క్లబ్బు బ్యాగులో పెట్టేదాకే కోపం

చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి నుంచి వెళ్లి బెంగళూరు కంపెనీల్లో పైకొచ్చిన మనవాళ్లకు ఏదో ఒక రోజు పై అధికారి నుంచో, క్లయింటు నుంచో గోల్ఫ్ పిలుపు వస్తుంది. నందికొండ దగ్గరి ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ లాంటి చోట 18 హోల్స్ ఆడాలంటే నాలుగు గంటలకు పైనే పడుతుంది. పక్కన నడిచే మనిషి మీ స్కోరు మరిచిపోవచ్చు. బంతి నీళ్లలో పడ్డప్పుడు మీరెలా ప్రవర్తించారో మరిచిపోడు.

ఈ ఆటలో కోపం పెరగడానికి కారణముంది. కొట్టేది క్షణంలో అయిపోతుంది, తర్వాతి షాటుకు నడిచేది నిమిషాల తరబడి. తప్పు మోపడానికి ఎదుటివాడూ ఉండడు.

హైదరాబాదు మూలాలున్న అమెరికా ఆటగాడు సాహిత్ తీగలనే చూడండి. 2022 ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్‌లో ఒక షాటు ఆధిక్యంతో చివరి హోల్‌కు వచ్చాడు. బంతి ఇసుక గుంటలో పడింది. అక్కణ్ణుంచి కొడితే గుంట అంచుకు తగిలి మళ్లీ ఇసుకలోనే ఆగింది. డబుల్ బోగీతో, అంటే ఆ హోల్‌కు నిర్ణయించిన దానికన్నా రెండు షాట్లు ఎక్కువ పట్టడంతో, గెలుపు చేజారింది. అతను కుంగిపోలేదు, 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో ఇసుక గుంటలో క్లబ్బు (గోల్ఫ్ కర్ర) వెనక్కి ఎత్తుతుండగా ఇసుకకు తగిలిందనిపించి తనే చెప్పి, రెండు షాట్ల పెనాల్టీ తీసుకున్నాడు. అయినా మూడో స్థానంలో నిలిచాడు.

మీరు చేయాల్సినవి ఇవి:

• కోపానికి గడువు పెట్టండి. క్లబ్బు తుడిచి బ్యాగులో పెట్టేదాకే. ఆపైన ఆ షాటు మాట ఎత్తొద్దు.

• క్లబ్బు విసరొద్దు. గోల్ఫ్ నిబంధనల ప్రకారం కోపంతో విరగ్గొట్టిన క్లబ్బుకు బదులు ఆ రౌండులో ఇంకొకటి తీసుకోకూడదు.

• బంతి వెతకడానికి 3 నిమిషాలే. పోయిందన్న అనుమానముంటే ముందే చెప్పి ప్రొవిజనల్ (తాత్కాలిక) బంతి ఆడండి. తొందరా, చిరాకూ రెండూ తగ్గుతాయి.

• చెట్ల మధ్య చిక్కుకుంటే సాహసాలొద్దు. ముందు బంతిని ఫెయిర్‌వేకి (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారికి) తెచ్చుకోండి.

• క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) మీద విసుక్కోవద్దు. సలహా ఆయనదైనా షాటు మీది.

• తొమ్మిదో హోల్ దాటేలోపు ఏదైనా తిని, నీళ్లు తాగండి. ఆకలి మీద చిన్న తప్పూ పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంటికెళ్లాక ఏ షాటు దగ్గర కోపమొచ్చిందో రాసుకోండి. ప్రతిసారీ అక్కడే వస్తోందంటే మీరు సాధన చేయాల్సింది ఆ షాటే. ఆఫీసులోనూ అంతే: ఏ పని దగ్గర పదేపదే చిరాకు పడుతున్నారో, ముందు నేర్చుకోవాల్సింది ఆ పనే.