పాట ఎవరి కోసం?
(దుకాణాల్లో, పనిచోట్ల వినిపించే సంగీతం – ఒక పరిశీలన)

ఏలూరు రోడ్డు వైపు నుంచి బీసెంటు రోడ్డులోకి తిరిగి, బందరు రోడ్డు చేరేదాకా ఒకసారి నడిచి చూడండి. తీరిగ్గా నడిచినా పెద్ద దూరమేమీ కాదు. ఈ కాస్త నడకలో మీ చెవిన పడే పాటలెన్నో లెక్కపెట్టగలరా? బట్టల కొట్లో కొత్త సినిమా పాట. చెప్పుల షాపులో హిందీ పాట. సెల్‌ఫోన్ల దుకాణం ముందు నిలువెత్తు స్పీకర్లలోంచి గుండెలదిరే మోత. వీటి మధ్య తోపుడుబండి మీద "ఏది తీసుకున్నా వంద" అని అరిచే రికార్డు గొంతు. వీటిలో ఏ ఒక్కటీ మనం అడిగినది కాదు. అయినా అన్నీ మన కోసమే అంటారు.

సావనీర్లలో సంగీతం మీద వ్యాసాలు రావడం కొత్త కాదు. మొవ్వ క్షేత్రయ్య పదాలు పాడిన సీమ మనది, కూచిపూడి మనది. అయితే నేను రాయబోయేది ఎవరూ కూర్చుని వినని సంగీతం గురించి. నేను వాణిజ్యశాస్త్రం పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. రాగతాళాల జ్ఞానం బొత్తిగా లేదు. కాని పాట కూడా ఒక వ్యాపార సాధనమైనప్పుడు, తక్కెడను, కొలబద్దను పరిశీలించినట్లే దాన్నీ పరిశీలించడం మా శాస్త్రం పనే గదా!

నాట్లలో పాట

పనికీ పాటకూ చుట్టరికం ఈనాటిది కాదు. మా అమ్మమ్మ ఉయ్యూరు దగ్గర పల్లెలో వరినాట్లకు వెళ్లేది. బురదలో వంగి, వెనక్కి అడుగు వేసుకుంటూ, గంటల తరబడి నాటాలి. వరసలో ఒక పెద్దామె పాట ఎత్తుకునేదట, మిగిలినవాళ్లు అందుకునేవాళ్లట. అడుగులన్నీ ఒక్క లయలో పడితే వరస వంకర పోదు, నడుం నొప్పి కొంత మరుపుకొస్తుంది. "ఎండ ఎక్కేకొద్దీ పాట నెమ్మదించేదిరా" అని అమ్మమ్మ చెప్పేది. కామందు గట్టు మీదికి వస్తే అతని పిసినిగొట్టుతనం మీద ఒక చరణం అప్పటికప్పుడు పుట్టేదట కూడాను!

జానపద గేయాలను సేకరించి వర్గాలుగా విడదీసిన పండితులు ఇటువంటి వాటిని శ్రామిక గేయాలన్నారు. కాలవల్లో పడవ తాడు లాగేవాళ్లకూ, బరువులెత్తేవాళ్లకూ ఇటువంటి పాటలుండేవి. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటున్నది. ఆ పాట పనిచేసేవాళ్ల గొంతులోంచే వచ్చేది. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో, ఎవర్ని దెప్పాలో వాళ్లకే తెలుసు. కామందు పొలానికి యజమాని గాని పాటకు కాడు.

రేడియో వచ్చింది

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమయింది. రేడియో ఉంచుకోవాలంటే లైసెన్సు కట్టవలసిన రోజులవి. ఇంటింటా సెట్టు లేదు కనుక కాఫీ హోటలు, మంగలి షాపు, కిళ్లీ కొట్టు రేడియో వినే స్థలాలయ్యాయి. ఉదయం భక్తిరంజని, ఆ పైన వార్తలు, సినిమా పాటలు. కాఫీ ఒక్కటే తాగి రెండు కార్యక్రమాలు విని వెళ్లే ఘనులుండేవారని మా నాన్నగారి తరంవాళ్లు చెప్పుకుని నవ్వుకొనేవారు.

అయితే దాన్ని నేపథ్య సంగీతమనడానికి వీల్లేదు. జనం దాన్ని కావాలనే వినేవారు. "కాస్త సౌండు పెంచవయ్యా" అని అడిగేవారు, "కట్టెయ్యవయ్యా బాబూ" అని కసిరేవారూ అక్కడే ఉండేవారు. ఎవరూ వినకపోయినా మోగుతూనే ఉండే పాట మరో దేశంలో, మరో అవసరం కోసం పుట్టింది.

గొట్టంలో నీళ్లలాగా

అమెరికా సైన్యంలో జార్జి ఓవెన్ స్క్వయర్ అనే సేనాధికారి ఉండేవాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనిక సమాచార విభాగానికి అధిపతి. గాలిలోంచి గాక తీగల వెంట సంగీతాన్ని పంపవచ్చునని ఆయన తలచాడు. కుళాయి తిప్పితే నీళ్లు వచ్చినట్లు, మీట నొక్కితే పాట రావాలన్నమాట. 1934లో ఆ వ్యాపారానికి 'మ్యూజాక్' అని పేరు పెట్టారు – 'మ్యూజిక్' అన్న మాటకు అప్పటికే ప్రసిద్ధమైన 'కొడాక్' తోక తగిలించి! హోటళ్లు, ఆఫీసులు, కర్మాగారాలు దాని ఖాతాదారులయ్యాయి.

ఆ కంపెనీవారు ఒక పద్ధతి కనిపెట్టారు. పనివాళ్లకు ఉదయం కొంతసేపయ్యాక, మళ్లీ మధ్యాహ్నం భోజనాలయిన కొంతసేపటికి అలసట వస్తుంది గదా. ఆ వేళలకు తగినట్లు పాటల ఉత్సాహాన్ని మెట్టు మెట్టుగా పెంచేవారు. 15 నిమిషాలు సంగీతం, ఆ తర్వాత 15 నిమిషాలు నిశ్శబ్దం. ఈ రెండో సగాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి. మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

బ్రిటన్‌లో రెండో ప్రపంచ యుద్ధం నాడు బి.బి.సి. ఇదే పని చేసింది. ఆయుధ కర్మాగారాల కోసం 1940 జూన్ 23న 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అనే కార్యక్రమం మొదలుపెట్టి 1967 దాకా నడిపింది. అరగంట చొప్పున పూటకొకసారి. అందులో ఒక తమాషా ఉంది. 'డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సాస్' అనే పాటలో చప్పట్లు కొట్టవలసిన చోటు వస్తుంది. ఆ చోటు రాగానే కార్మికులు చేతిలో పని వదిలేసి పనిముట్లతో బల్లలు వాయిస్తున్నారని ఆ పాటను పక్కన పెట్టారు. అంటే ఏమిటి? పాట వినాలి గాని పాటలో పాలుపంచుకోరాదు! మా అమ్మమ్మ పాటకూ దీనికీ తేడా ఇక్కడే తేలిపోయింది.

అంగట్లో పాట

పనివాళ్ల చేత ఎక్కువ పని చేయించడానికి వచ్చిన ఈ పాట క్రమంగా కొనేవాళ్ల చేత ఎక్కువ కొనిపించడానికి మళ్లింది. 1982లో రొనాల్డ్ మిలిమన్ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక సూపర్ మార్కెట్టులో చేసిన పరిశోధనను ప్రకటించాడు. నిదానమైన సంగీతం మోగినప్పుడు జనం నిదానంగా నడిచారు. నిదానంగా నడిచినవాళ్లు అరలన్నీ చూశారు. వేగమైన సంగీతం మోగిన రోజులతో పోలిస్తే అమ్మకాలు సుమారు 38 శాతం ఎక్కువగా తేలాయి.

1997లో ఇంగ్లండులో మరో పరిశోధన ప్రచురితమయింది. ద్రాక్షసారా అమ్మేచోట ఒకరోజు ఫ్రెంచి సంగీతం, ఒకరోజు జర్మన్ సంగీతం వినిపించారు. ఏ దేశపు సంగీతం మోగితే ఆ దేశపు సీసాలే ఎక్కువ పోయాయి. కొన్నవాళ్లను అడిగితే పాట ప్రభావం తమ మీద లేదన్నవాళ్లే ఎక్కువ.

మన దుకాణదారులు ఈ పరిశోధనలు చదివి పాటలు పెట్టారని నేననను. కాని పాటకు చోటుతో ముడి ఉంటుందని మనవాళ్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం పెడతారు. బోణీ బేరం బాగుంటుందని నమ్మకం. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గారి భగవద్గీత మాత్రం పెట్టరు. అదీ పవిత్రమే, ఆ గొంతూ మనదే. కాని ఆయన 1974లో కన్నుమూసిన తర్వాత కాలక్రమాన ఆ రికార్డు చావు ఇళ్లకు ముడిపడిపోయింది.

నేను విన్న కేసెట్టు

ఇది నాకు అనుభవమైన సంగతే. 1994 వేసవిలో ఇంటర్ పరీక్షలు రాసి, వన్‌టౌన్‌లో ఒక బట్టల కొట్లో రెండు నెలలు పనిచేశాను. చేరిన రెండోనాడు, భక్తి పాటలే గదా అని ఘంటసాల గీత కేసెట్టు టేప్ రికార్డరులో పెట్టాను. షావుకారు గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి పరుగున వచ్చారు. "ఎవరు పోయార్రా?" అన్నారు. కొట్టంతా ఘొల్లున నవ్వింది.

అది పెళ్లిళ్ల కాలం. నవ్వులాట అయ్యాక ఒకే ఒక్క సినిమా పాటల కేసెట్టు వేశారు. గంట కేసెట్టు అది. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా, అంటే రోజుకు పదకొండుసార్లు. కొనేవాళ్లు అరగంట విని వెళ్లిపోయేవారు. మేం పదకొండు గంటలూ వినేవాళ్లం. వారం తిరిగేసరికి నిద్రలో కూడా అదే వరసలో పాటలు వచ్చేవి.

మా కొట్లో ఒక ముసలి గుమాస్తా ఉండేవారు. అందరం బాబాయిగారు అనేవాళ్లం. గజంబద్దతో గుడ్డ కొలుస్తూ పౌరాణిక నాటక పద్యాలు కూనిరాగం తీయడం ఆయనకు అలవాటు. కేసెట్టు మోత మొదలయ్యాక ఆ రాగం ఆగిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు, "షావుకారు గారూ, ఓ అరగంట ఆపిద్దురూ, లెక్క తప్పుతోంది" అని అడిగారు. షావుకారు చెడ్డవారు కారు. నెమ్మదిగానే, "పాట నీ కోసం కాదు బాబాయ్, బేరం కోసం" అన్నారు.

ఆ మాట నేనింతవరకూ మరిచిపోలేదు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పాక కూడా ఈ విషయాన్ని అంతకన్నా క్లుప్తంగా చెప్పలేను. ఎవరు ఎక్కువసేపు వింటారో పాట వాళ్ల కోసం కాదు!

ఈమధ్య మా పాత విద్యార్థిని ఒకామె బందరు రోడ్డు మీద ఒక పెద్ద షోరూములో కనిపించింది. "పాటలు బాగున్నాయే" అన్నాను. "మీకు బాగుంటాయి సార్, మీరు కాసేపట్లో వెళ్లిపోతారు" అంది. ఆపమని మేనేజరును అడగరాదా అంటే, పాటలు హెడ్డాఫీసు నుంచి వస్తాయనీ, మేనేజరు చేతిలో కూడా మీట లేదనీ చెప్పింది. మా షావుకారు కనీసం మాతోపాటు కూర్చుని ఆ పదకొండు గంటలూ విన్నారు! ఇప్పుడు పాట ఎంచేవాడు ఆ పాట మోగేచోటే లేడు.

చట్టం ఏమంటుంది?

ఈ పేచీ కోర్టు కెక్కిన సందర్భం ఒకటుంది. వాషింగ్టన్ నగరంలో ట్రాములు, బస్సుల్లో కంపెనీవారు రేడియో పెడితే, ఇద్దరు ప్రయాణికులు అభ్యంతరం చెప్పారు. 1952లో అమెరికా సుప్రీం కోర్టు కంపెనీ పక్షానే తీర్పు చెప్పింది. జస్టిస్ డగ్లస్ విభేదించారు. జస్టిస్ ఫ్రాంక్‌ఫర్టర్ అసలు విచారణలోనే పాల్గొనలేదు. కారణం, ఆ రేడియో మోతకు తాను కూడా బాధితుణ్ణేననీ, కనుక నిష్పక్షపాతంగా ఉండలేననీ!

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం దుకాణంలో రికార్డు మోగించడానికి హక్కుదారుల అనుమతి ఉండాలి. పాట కట్టినవారికి ఫలం దక్కాలన్న ఆ న్యాయం సరైనదే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు వ్యాపార ప్రాంతాల్లో పగలు 65 డెసిబెళ్లు, రాత్రి 55 డెసిబెళ్లు మించరాదంటాయి. అయితే ఆ హద్దులు ప్రాంతానికి పెట్టినవి. అద్దాల తలుపు లోపల రోజంతా నిలబడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని పెట్టినవి కావు. దుకాణాల్లో పనిచేసేవారు కూర్చోవడానికి వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. కాళ్ల గురించి ఆ మాత్రం ఆలోచన వచ్చింది. చెవుల గురించి కూడా రావాలి.

ఏం చేయవచ్చును?

పాటంటే నాకు వైరమని ఎవరూ అనుకోవద్దు. ఆటోనగర్‌లో ఏ మెకానిక్ షెడ్డుకు వెళ్లినా ఎఫ్.ఎం. మోగుతూనే ఉంటుంది. ఇంజను చప్పుడు వినవలసి వచ్చినప్పుడు మేస్త్రీ చెయ్యి చాచి రేడియో కట్టేస్తాడు. తప్పు దొరికాక మళ్లీ పెడతాడు. అది వాడి పాట. మీట వాడి చేతికందేంత దూరంలో ఉంది. తేడా అంతా పాట మంచిచెడ్డల్లో లేదు, మీట ఎవరి చేతిలో ఉన్నదనే దానిలో ఉన్నది.

కనుక నేను కోరేవి చిన్న విషయాలే. ఒకటి, నడుమ నడుమ నిశ్శబ్దం. లాభం కోసమే పాట అమ్మిన మ్యూజాక్ కంపెనీ కూడా పావుగంట పాటకు పావుగంట విరామం ఇచ్చింది. రెండు, రోజులో ఒక గంట పాటలు పనివాళ్లు ఎంచుకోనివ్వడం. మూడు, స్పీకరు పనివాడి నెత్తిమీద గాక కాస్త ఎడంగా పెట్టించడం. వీటిలో దేనివల్లా ఏ షావుకారూ దివాలా తీయడు.

ఇవన్నీ ఊరివాళ్లకు చెప్పే ముందు మన ఇంట్లో మొదలుపెట్టవచ్చు. మన క్యాంటీన్‌లో పెద్ద స్పీకరు ఉన్నది. దానిలో ఏ పాట మోగాలన్నది యూనియన్ వారు, విద్యార్థులు చూసుకుంటున్నారు. మనం టీ తాగి పావుగంటలో క్లాసుకు వెళ్లిపోతాం. గ్లాసులు కడిగే అబ్బాయీ, వడలు వేసే మాస్టారూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. వాళ్లకే పాట ఇష్టమో, అసలు పాట కావాలో వద్దో మనలో ఎవరైనా ఎప్పుడైనా అడిగామా? నేనూ అడగలేదు. ఈ వ్యాసం అచ్చయి మీ చేతికొచ్చేలోగా అడుగుతాను. మీరు కూడా అడగండి.