వార్షిక ప్రణాళికకి ముందు ఊరి క్యాలెండర్

జూన్‌లో బడి తెరవగానే వార్షిక ప్రణాళిక రాయమంటారు. కొత్త మాస్టార్లు చాలామంది పాఠాల్ని నెలలతో భాగించి గడులు నింపేస్తారు. ఎంఈవో గారి సంతకమూ పడిపోతుంది. అక్టోబరు వచ్చేసరికి ఆ కాగితానికీ తరగతికీ పొంతన ఉండదు.

విద్యాహక్కు చట్టం ఏడాదికి 1–5 తరగతులకి 200, 6–8 తరగతులకి 220 పనిదినాలు ఉండాలంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ రోజులన్నీ ఒక్కలా నడవవు. వానాకాలం ఉభాలప్పుడు, అంటే వరినాట్లప్పుడు, పెద్దపిల్లలు తమ్ముళ్లని చూసుకోడానికి ఇంట్లో ఆగిపోతారు. దసరా అయ్యాక విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. తుపాన్లదీ అదే కాలం: 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. అందుకని అక్టోబరుని సగం నెలగానే లెక్కేసుకోండి. భిన్నాల్లాంటి కష్టమైన యూనిట్లు దసరాకి ముందే అవ్వాలి. సెలవుల తర్వాత పునశ్చరణ పెట్టుకుంటే, బడి నాలుగు రోజులు మూతపడినా కొంప మునగదు.

లెక్కలు కూడా ఊళ్లోంచే తీయండి. ఉద్దానంలో జీడిపిక్కల బేరం 80 కిలోల బస్తా మీద నడుస్తుంది. బస్తాలో పావు ఎంత? ముప్పావు అమ్మితే ఇంట్లో మిగిలేదెంత? బస్తా ధర తెలిస్తే పావు బస్తాకి ఎంత రావాలి? పలాసలో జీడిపప్పు పనికెళ్లే అమ్మ ఉన్న పిల్ల బోర్డు దాకా వచ్చి చెబుతుంది. వృత్తానికి రంగులేయించడం ఆ తర్వాత చూసుకోవచ్చు.

సీతంపేట వైపు సవర గిరిజన పిల్లలున్న బడిలో మిమ్మల్ని వేశారా? అక్కడ మొదటి నెలన్నర పాఠాల కోసం కాదు, మాటల కోసం అట్టేపెట్టండి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ముందు సవర భాష నేర్చుకున్నారు, ఆ తర్వాతే వాచకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. మీరు వ్యాకరణం రాయక్కర్లేదు. పెద్ద తరగతి పిల్లణ్ణో, ఊరి యువకుణ్ణో కూర్చోబెట్టుకుని ఇల్లు, కొండ, తిండి, అంకెల మాటలు తెలుగు లిపిలో రాసుకోండి. ఒకటో తరగతి తెలుగు పాఠం ఆ మాటల మీదే మొదలవ్వాలి.

ప్రణాళిక పుస్తకంలో కుడిపేజీ ఖాళీగా వదలండి. ప్రతి ఫార్మేటివ్ పరీక్ష అయ్యాక ఎవరికి ఏది అందలేదో అక్కడ రాసి, తర్వాతి నెల పాఠాల్ని దాన్నిబట్టి మార్చుకోండి. తనిఖీకొచ్చిన వారికి ముందు ఆ పేజీయే చూపించండి.