ముదురు మాంసము, కంద పులుసు: నిదానముగా వండు విధము

పండుగనాడు వేటమాంసము వాటాలు వేయునప్పుడు మెడ, పిక్క భాగములు తమకు రాగా కొందఱు మొగము చిన్నబుచ్చుకొనుట మే మెఱుగుదుము. అవి ఉడుకవనియు, ఇంటిలోని వృద్ధులు నమలలేరనియు వారి భయము. లోపము మాంసమునందు లేదు, మంటయందు కలదు.

ఎక్కువగా పనిచేయు కండలను బిగించియుండు తెల్లని పొరలు పెద్దమంటకు ముడుచుకొని రసమును పిండివేయును. సన్నని సెగను రెండు మూడు గంటలుంచినచో ఆ పొరలే కరగి జిగురై పులుసును చిక్కబఱచును.

కిలో మాంసమునకు అరకిలో కంద చాలును. కందలోని కాల్షియం ఆక్సలేటు అను సూదులవంటి స్ఫటికములే దురదకు కారణము. కావున చేతులకు నూనె రాచుకొని తఱిగి, ముక్కలను ఉప్పునీట ఒక పొంగు రానిచ్చి, ఆ నీరు పారబోయవలెను. కొవ్వూరున ఎంపికచేసిన గజేంద్ర రకమునకు దురద తక్కువ.

కుండలో నూనె కాచి, ఉల్లి, అల్లము, వెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారములతో మాంసమును వేయించి, ముక్కలు మునుగునంత వేడినీరు పోసి మూతపెట్టవలెను. నీరు తెరలరాదు, అంచున చిన్న బుడగలు లేచిన చాలును. మాంసము మెత్తబడిన పిమ్మట కంద వేసి, అదియు ఉడికిన తరువాతనే చింతపండు పులుసు పోసి, పదునైదు నిమిషము లుంచి దింపవలెను. పులుపు దుంపను మెత్తబడనీయదు. మేమొకసారి పులుసు ముందే పోసితిమి. గంట గడచినను కంద ఱాతివలె నుండగా బంధువులయెదుట సిగ్గుపడితిమి.

కావున తొందరపడక పిడకల సెగమీద వండి చూడుడు. వచ్చు పండుగకు పిక్క వాటాను మీరే అడిగి పుచ్చుకొందురు.