తపాలాబిళ్లలు, పాత కెమెరాలు, పండ్రెండు గంపలు

చదువవలసిన భాగములు: ఆదికాండము 24:61–67; 2 రాజులు 20:12–19; లూకా 12:16–21; యోహాను 6:12, 13.

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, విజయవాడ వైపులనుండి బస్సులో హైదరాబాదు వచ్చువారికి పట్టణము ఎల్.బి.నగర్ కూడలియొద్ద మొదలగును. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరు పెట్టబడిన ఆ పేటకును, దానిని దాటినపిమ్మట వచ్చు దిల్‌సుఖ్‌నగర్‌కును మన గ్రామములతో దగ్గరి సంబంధము కలదు. మన పిల్లలలో అనేకులు దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో నుండి పరీక్షలకు చదువుచున్నారు. ఉద్యోగము దొరికినవారు ఎల్.బి.నగర్ చుట్టుపట్ల ఫ్లాట్లు కొనుక్కొని తలిదండ్రులను తమయొద్దకు పిలిపించుకొనుచున్నారు.

పల్లెలోని పెంకుటింటినుండి రెండు గదుల ఫ్లాటులోనికి పోవునప్పుడు తాతగారి ట్రంకుపెట్టె పెద్ద చిక్కు తెచ్చిపెట్టును. తెరచి చూచినయెడల అందులో పాత ఉత్తరములు, మనియార్డరు రసీదులు, పెండ్లి ఫొటోలు, ఒకవేళ ఒక పాత పెట్టె కెమెరా, బడిలో చదువుకొను దినములలో తపాలాబిళ్లలు అంటించిన ఒక నోటుపుస్తకము కూడ ఉండును. ఫ్లాటులో చోటు లేదు. పాత కాగితములు కొనువాడు వీధిలో కేక వేయుచున్నాడు. అరగంటలో తూకము ముగిసి కొన్ని రూపాయలు చేతికి వచ్చును. ఒక మనుష్యుడు యాబది ఏండ్లు పోగుచేసినది అట్లు పోవును. కుమారుని నిందింపవలసిన పనిలేదు. ఆ పెట్టెలో ఏమున్నదో, ఎందుకు దాచెనో తండ్రి అతనికి ఎన్నడును కూర్చుండబెట్టి చెప్పలేదు.

ఇట్లు పోగుచేయుట తగునా తగదా అని మన పెద్దలలో అభిప్రాయభేదము కలదు. అది లోకాశయని కొందరు ఒక్కమాటలో కొట్టివేయుదురు. లూకా సువార్తలోని ధనవంతుడు పాత కొట్లు పడగొట్టి పెద్దవి కట్టదలచినవాడు. ఆ రాత్రియే అతని ప్రాణము అడుగబడెను. హిజ్కియా రాజు తన నగరులోని సమస్తమును బబులోను దూతలకు చూపించి మెప్పు పొందగోరెను; దానిఫలము తరువాతి తరమువారు అనుభవించిరి. ఈ రెండు భాగములు చదివి ఆగిపోయినయెడల ఆ పెద్దల మాటయే నిజమని తోచును. అయితే అయిదువేలమంది తృప్తిగా తినినపిమ్మట మిగిలిన ముక్కలు పోగుచేయుమని ఆజ్ఞాపించినవాడు ప్రభువే గదా! ఏదియు వ్యర్థము కాకూడదని అందుకు కారణము కూడ చెప్పెను. పండ్రెండు గంపలు నిండెను. ధనవంతుడు మాటలాడినంతసేపు తనతో తానే మాటలాడెను. అతని కొట్లలో మరియొకనికి పాలు లేదు. గంపలు మోసినవారు పండ్రెండుగురు. (ఆ ముక్కలను తరువాత ఎవరు తినిరో సువార్తికుడు చెప్పలేదు. నాకు మాత్రము ఆ సంగతి తెలిసికొనవలెనని ఎప్పుడును ఆశయే.)

ఇక తపాలాబిళ్లల సంగతి చూతము. లోకములో మొదటి అంటుబిళ్ల ఇంగ్లండులో 1840 మే 6న వాడుకలోనికి వచ్చినది. రోలండ్ హిల్ అనునతని ప్రయత్నమువలన వచ్చిన ఆ నల్లని బిళ్ల వెల ఒక పెన్నీ. నాటినుండియే వాటిని పోగుచేయువారును బయలుదేరిరి. బ్రిటిషు గయానాలో 1856లో అచ్చయిన ఒక సెంటు బిళ్లను 1873లో పండ్రెండేండ్ల బాలుడు ఒకడు ఇంటి ఉత్తరములలో కనుగొని ఆరు షిల్లింగులకు అమ్మివేసెను. అదియే 2014లో దాదాపు 95 లక్షల డాలర్లకు వేలములో పోయినది. ఈ కథ విని మన పిల్లలు ధనాశతో బిళ్లలు వెదక మొదలుపెట్టకుందురు గాక! లోకమందు అట్టిది ఒక్కటే కలదు. మనకు సాధారణముగా దొరకు బిళ్లల ధర ఒక కప్పు టీ ఖరీదునకు కూడ రాదు. ధరకొరకు పోగుచేయువాడు త్వరలోనే విసిగి మానుకొనును.

మన పెట్టెలలో దొరకదగినవి వేరే కలవు. నైజాము రాజ్యమునకు సొంత తపాలా యుండెను. 1869లో ఒక అణా బిళ్లతో మొదలై, 1950 ఏప్రిల్ 1 నుండి భారతదేశపు బిళ్లలే చెల్లుబాటగువరకు, 81 ఏండ్లు హైదరాబాదు బిళ్లలు నడచినవి. 1871లో వచ్చిన నమూనా అనేక సంవత్సరములు సాగినది. దానిమీద వెల పారసీ, ఇంగ్లీషు, మరాఠీ లిపులతోపాటు మన తెలుగు అక్షరములలోను కలదు. 1931లో బొమ్మల బిళ్లలు వచ్చినవి: ఒక అణా బిళ్లమీద చార్మినారు, రెండణాలమీద హైకోర్టు, నాలుగణాలమీద ఉస్మాన్ సాగర్ చెరువు, ఎనిమిదణాలమీద అజంతా గుహల ద్వారము, పండ్రెండణాలమీద బీదరు మదరసా. 1937లో ఏడవ నిజాము రజతోత్సవమునకు వేసిన బిళ్లలలో ఉస్మానియా ఆసుపత్రియు విశ్వవిద్యాలయమును కనబడును. మన తాతలు ఎక్కడెక్కడికో కాలినడకను పోయి చూచిన కట్టడములు ఉత్తరములమీద ఎక్కి వారి గుడిసెలకే వచ్చినవి. నల్లగొండ, వరంగల్లు జిల్లాల పెట్టెలలో ఇవి ఉండవచ్చును. కృష్ణా, గుంటూరు జిల్లాలు ఇంగ్లీషువారి ఏలుబడిలో నుండెను గనుక అక్కడి పెట్టెలలో రాజుల తలల బిళ్లలే ఎక్కువ.

బిళ్లకంటె కవరు గొప్పది. దానిమీద ఊరి తపాలా ముద్ర, తేది, వ్రాసినవాని చేవ్రాత ఉండును. ఫలాని ఊరిలో ఫలాని సంవత్సరమున తపాలాకచ్చేరి యుండెననుటకు ఒక్కొక్కప్పుడు అదియే సాక్ష్యము. కావున పాత కవరుమీదనుండి బిళ్లను ఊడదీయకుడి. కవరంతయు అట్లే దాచుడి. ఇటీవలి సాధారణమైన కవరైనయెడల బిళ్ల చుట్టు కాగితము కత్తిరించి, పాత్రలో చల్లని నీళ్లు పోసి, పావుగంట తేలనిచ్చిన జిగురు కరగి అదియే విడిపోవును. బొమ్మ క్రిందికి ఉండునట్లు తెల్లకాగితముమీద ఆరబెట్టవలెను. అచ్చుకాగితముమీద వేసినయెడల సిరా అంటును. ఆల్బములో పెట్టునప్పుడు జిగురు పూయకూడదు. సెల్లోటేపు అంతకంటె చెడ్డది, కొన్ని ఏండ్లకు పసుపు మరక విడువదు. వ్రేళ్లతో గాక చిమటాతో పట్టుకొనవలెను. ఆల్బమును గోడకు ఆనించక, నేలమీద పెట్టక, నిలువుగా బీరువాలో ఉంచుడి. మన ఇండ్లలో చెదలు గోడనుండియే వచ్చును. చిమ్మెటయు తుప్పును తినివేయునని మత్తయి సువార్త ఆరవ అధ్యాయములో చెప్పబడినది పోగుచేయువారందరికిని అనుభవములోనిదే.

బడిపిల్లలు గల తలిదండ్రులకు ఒక మాట. తపాలాబిళ్లల అభ్యాసము గల 6 నుండి 9 తరగతుల విద్యార్థులకు తపాలాశాఖ 2017లో దీనదయాళ్ స్పర్శ్ అను విద్యార్థివేతనమును ఏర్పరచినది. ఏడాదికి 6,000 రూపాయలు. అందుకు బడిలో బిళ్లల క్లబ్బు గాని, పిల్లవాని పేర తపాలాబిళ్లల డిపాజిట్టు ఖాతా గాని ఉండవలెను. హైదరాబాదు అబిడ్స్‌లోని పెద్ద తపాలా కార్యాలయములో బిళ్లలకు ప్రత్యేక విభాగము కలదు. దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకొను అన్న సెలవుదినములలో వచ్చునప్పుడు తమ్మునికి అక్కడినుండి క్రొత్త బిళ్లలు తేవచ్చును. విలియం కేరీ ఈ దేశమునకు వచ్చి 200 సంవత్సరములైన 1993లో మన ప్రభుత్వము ఆయన పేర బిళ్ల వేసినది. పిల్లలకు దానిని వెదకు పని అప్పగించి చూడుడి. మిషను చరిత్ర దానంతట అదే నేర్చుకొందురు.

పాత కెమెరాలను గూర్చి కొంచెమే చెప్పెదను, ఏలయనగా అవి ఖర్చుతో కూడినవి. హైదరాబాదుకు ఛాయాచిత్రములలో గొప్ప పేరు తెచ్చినవాడు రాజా దీన్ దయాళ్ (1844–1905), ఆరవ నిజాము ఆస్థానమందలి ఛాయాచిత్రకారుడు. ఆయన గాజుపలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు 1989లో కొని భద్రపరచిరి. 2006లో ఆయన పేర తపాలాబిళ్ల కూడ వెలువడినది. మన ఇండ్లలో నుండునవి అంత పాతవి కావు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ కెమెరా అనేకుల ఇండ్లకు వచ్చిన మొదటి కెమెరా. 120 ఫిలిం చుట్టలో పండ్రెండు బొమ్మలు. ఆ కొలత ఫిలిం ఇప్పటికిని లోకములో తయారగుచున్నది. జుమ్మేరాత్ బజారులో పాత సామానులమధ్య కెమెరాలు దొరకుట కలదు. అద్దము వెలుతురునకు పట్టి చూడనిదే కొనకూడదు. సాలెగూడువంటి తీగలు అద్దములోపల కనబడినయెడల అది బూజు. తోలుసంచిలో మూసియుంచుటవలననే అది పట్టును, తోలు తేమను పీల్చుకొనును గనుక. సంచిలోనుండి తీసి, మందుసీసాలతోను చెప్పులపెట్టెలతోను వచ్చు చిన్న తేమపొట్లములను ప్రక్కన వేసి, మూతగల డబ్బాలో ఉంచుడి. నెలకొకసారి మీట నొక్కుచుండవలెను. నూనె మాత్రము వేయకూడదు.

పోగుచేయుటయందు మన దేశమంతటిలో పేరుపొందినవాడు మన హైదరాబాదులోనే యుండెను. మూడవ సాలార్‌జంగు, నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్, 1889లో పుట్టెను. నెల తిరుగక మునుపే తండ్రి చనిపోయెను. 1912 నుండి 1914 వరకు ఏడవ నిజామునకు ప్రధానమంత్రిగా నుండి, ఆ పదవి విడిచి, అటుపిమ్మట జీవితమంతయు వస్తువులు సేకరించుటలో గడపెను. గడియారములు, పింగాణీ, దంతపు పనులు, వ్రాతప్రతులు, కత్తులు, పిల్లల ఆటబొమ్మలు – అన్నియు కొనెను. వివాహము చేసికొనలేదు. 1949 మార్చి 2న చనిపోయెను. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలను ప్రారంభించిరి. వారసులు ఒడంబడికచేసికొని 1958లో ఆ సేకరణను ప్రభుత్వమునకు ఇచ్చివేసిరి; 1961లో పార్లమెంటు చట్టము చేసెను; 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనమునకు మార్చబడెను. ఒక్కొక్క వారసుడు తన వంతు వస్తువులు ఇంటికి పట్టుకొని పోయియుండినయెడల, నేడు మన పల్లెపిల్లలు టిక్కెట్టు కొని ఏమి చూచెడివారు? నవాబు గొప్పతనము సగమే, వారసుల ఇచ్చివేత సగమని నా అభిప్రాయము.

అక్కడ మనకు పరిచయమైన ఒక స్త్రీ కూడ కలదు. ఒంటెమీద వచ్చుచు ఇస్సాకును చూచి ముసుగు వేసికొనిన రిబ్కా! బెంజోని అను ఇటలీ శిల్పి చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగు 1876లో రోములో కొనెను. ముఖముమీది ముసుగు కూడ రాయియే. అయినను లోపలి కన్నులు, పెదవులు కనబడునట్లు తోచును. ముసల్మాను ప్రధానమంత్రి ఒకడు కొన్న బొమ్మవలన ఆదికాండములోని కన్య మూసీనది ఒడ్డున నిలిచియున్నది. మన సంఘములవారు పట్టణము చూడబోయి ఆమెను చూడకయే తిరిగివచ్చుచున్నారు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, దిల్‌సుఖ్‌నగర్, మలకపేట మీదుగా ఎం.జి.బి.ఎస్. స్టేషనులో దిగినయెడల నడచి పోవునంత దూరమే. శుక్రవారము సెలవు.

మన ట్రంకుపెట్టెకు న్యాయస్థానముగాని పార్లమెంటుగాని అక్కరలేదు. ప్రతి ఫొటో వెనుక పెన్సిలుతో పేర్లు, ఊరు, సంవత్సరము వ్రాయవలెను. పెన్ను సిరా ముందరికి దిగును. ఏ వస్తువు ఎక్కడిదో ఒక నోటుపుస్తకములో చెప్పియుంచవలెను. కన్నులు కనబడుచుండగానే, మనుమలలో ఎవరికి ఇష్టమో కనిపెట్టి, కొంత అప్పుడే వాని చేతికియ్యవలెను. ఇంటిలో ఎవరికిని ఇష్టము లేనియెడల బడికి గాని గ్రంథాలయమునకు గాని, ఆ అభ్యాసము గల మరియొకరికి గాని ఇచ్చివేయుడి. విదేశములలో కొన్ని సంఘములు వాడిన బిళ్లలు పోగుచేసి అమ్మి మిషను పనికి పంపెడివారు. అదియు ఒక మార్గము.

ఈ పాఠము బోధించువారు రాబోవు కూటమునకు ప్రతి కుటుంబమును తమ ఇంటిలోని అతి పాత కవరునొకదానిని తెమ్మని ముందుగానే చెప్పుడి. మొదట తపాలా ముద్రలోని ఊరు, సంవత్సరము చదివించుడి. నైజాము బిళ్ల దొరికినయెడల అందులో తెలుగు అక్షరములు ఎక్కడ నున్నవో పిల్లలచేత వెదకించుడి. తరువాత ఆ ఉత్తరము వ్రాసినదెవరో, ఎవరికో, ఇంటిలోని ముసలివారిని చెప్పనియ్యుడి, వారిని తొందరపెట్టకుడి.